అస్థివృద్ధియు వివాహవయస్సును

ఎముక యనఁగానే మనవారి మనస్సునకు శ్మశానమే తోఁచును. శవము దహింపఁబడిన పిదప మిగులునది యెముక. గంగలోనో గోదావరిలోనో కలుపవలసినది యెముక. త్రోవలోఁ గాలికిఁ దగిలినచో నింటికి వచ్చి స్నానము చేయవలసినది యెముక. ఈ యలవాటుచేత మనలోఁ బెక్కండ్రు జీవించియున్న దేహములోని యెముకను గూడ గోడలోని ఱాతివలె జడపదార్థ మనియే తలఁచుచుందురు. 1836వ సంవత్సరమున కలకత్తా వైద్యకళాశాలలో పండిత మధుసూదనగుప్తుఁడు శవచ్ఛేదనకుఁ బూనుకొనుట యంతటి సాహసకార్యముగాఁ జెప్పుకొనఁబడుటకు నీ యలవాటే కారణము.

వాస్తవమున బ్రదికియున్న దేహములోని యెముకయు బ్రదికియే యున్నది. దానిలో నెత్తురు ప్రవహించును. నరములు దానిని జేరియున్నవి. అది పోషణమును గైకొనును, పెరుగును, అరుగును, విఱిగినచోఁ దన్నుఁ దానే యతుకుకొనును. అది యెట్లు పెరుగునో, ఎప్పటికిఁ బెరుగుట చాలించునో యెఱుఁగుట వైద్యవిద్యార్థులకు మాత్రమే కాదు, ఆఁడుబిడ్డలు గల ప్రతి గృహస్థునకును నావశ్యకము. మన దేశమున బాలికల వివాహమును గుఱించి నడచిన వాదములలో నుభయపక్షములవారును స్మృతులనే సాక్ష్యమునకుఁ బిలిచిరి కాని, యా బాలిక యెముకను బిలిచి యడిగినవారు మిక్కిలి కొలఁదిమంది. ఆ సాక్షి చెప్పునదేమో యీ వ్యాసమున విచారింతము.

మొదట నెముక దేనితోఁ జేయఁబడినదో చూతము. కోడికాలి యెముక నొకదానిని వెనిగరులోఁ గొన్నిదినము లుంచినచో నాకారము చెడకయే మెత్తనై, త్రాటివలె వంగును. శాకాహారులగు చదువరులు దీనికై పొరుగింటివారి సాయము పొందవచ్చును. అట్టిదే మఱియొక యెముకను నిప్పులో బాగుగఁ గాల్చినచో నదియు నాకారము చెడక, తెల్లనై, వ్రేలితో నొత్తఁగానే పొడియగును. వెనిగరు కరఁగించినది కాల్షియము, భాస్వరము కూడిన లవణము; అగ్ని దహించినది కొల్లాజెన్ అను నారవంటి మాంసకృత్తు. ఎండిన యెముకబరువులో నించుమించు మూఁడింట రెండుపాళ్ళు లవణము, తక్కినది నార. లవణమే యున్నచో నెముక కుండపెంకువలె పగులును. నారయే యున్నచో నిలువఁజాలదు. పసిబిడ్డల యెముకలో లవణపుపాలు తక్కువ గనుక నది పచ్చికొమ్మవలె వంగి చీలునే కాని సులభముగా రెండు తునుకలు కాదు. వృద్ధుల యెముక యెండుకొమ్మవలె పుటుక్కున విఱుగును.

ఎముకలసంఖ్యను గుఱించి మన ప్రాచీనులలోనే భేదము గలదు. చరకసంహిత 360 యనియు, సుశ్రుతసంహిత శల్యతంత్రమున 300 యనియుఁ జెప్పుచున్నవి. ఇప్పటి శారీరశాస్త్రము పెరిగిన మనుష్యున కెముకలు 206 అని లెక్కించుచున్నది. ఇందుచేఁ బూర్వులు కన్నులు మూసికొని వ్రాసిరనుట న్యాయము కాదు. వారు దంతములను జేర్చిరి. చరకుఁడు గోళ్ళనుగూడఁ జేర్చెను. మెత్తని మృదులాస్థులను సైతము లెక్కలోనికిఁ దెచ్చిరి. సుశ్రుతుఁడు చెప్పిన యైదువిధముల యెముకలలో నొకదానిపేరు తరుణాస్థి, అనఁగా లేఁతయెముక. ముక్కుదూలమున, చెవిలోఁ జేతికి మెత్తగాఁ దగులునది యిదియే. ఈ పేరు పెట్టినవారి నెంత కొనియాడినను దగును. ఏలయన గర్భస్థశిశువు చేతులు, కాళ్ళు, వెన్ను, కటిప్రదేశము మొదట నీ లేఁతయెముకతోనే పోఁతపోయఁబడి, పిమ్మటఁ గొంచెముకొంచెముగా గట్టియెముకగా మాఱును. అప్పుడే పుట్టిన బిడ్డలో సుమారు 270 మొదలు 300 వఱకు విడివిడి తునుకలు గలవు. అవి యొండొంటితో నతికికొనుచుఁ బోయి తుదకు 206 అగును. ఈ యతుకుట యెప్పుడు ముగియును? మన విచారమంతయు నీ ప్రశ్న చుట్టును దిరుగుచున్నది.

ఎముక పొడవగుట రబ్బరు సాగినట్లు నడుమ సాగుటచేత నని పూర్వమనుకొనెడివారు. దీనిని బరీక్షించినవాఁడు స్టీఫెన్ హేల్సు అను ఇంగ్లీషు మతాచార్యుఁడు. అతఁడు 1727లోఁ బ్రకటించిన గ్రంథమునం దీ సంగతి గలదు. సగము పెరిగిన కోడిపిల్ల కాలియెముక రెండంగుళము లుండఁగా, దాని నడుమ నరయంగుళపు దూరమున రెండు చిన్న రంధ్రములు పొడిచెను. రెండుమాసములకుఁ జూడఁగా నెముక యొక యంగుళము పెరిగియుండెను. రంధ్రములనడుమ దూరము మాత్ర మరయంగుళమే. ఇనుపములుకుతోఁ జేసిన యీ చిన్నపరీక్షయే, యెముక నడుమ సాగుట లేదనియు, కొనలయందే పెరుగుచున్నదనియు నిర్ధారణ చేసెను.

ఆ కొనలయం దేమి జరుగుచున్నది? తొడయెముకవంటి పొడవైన యెముకకు రెండుకొనలకును సమీపమున నొక్కొక పలుచని తరుణాస్థిపొర గలదు. దీనిని వృద్ధిఫలకమందురు. ఈ పొరలోని జీవకణములు నాణెములు దొంతి పేర్చినట్లు వరుసలు దీఱియుండును. దొంతి యొకవైపునఁ గ్రొత్తకణములు పుట్టుచుండును. రెండవవైపునఁ బ్రాఁతకణము లుబ్బి, తమ చుట్టును సున్నము పేరుకొనఁగాఁ బెక్కులు నశించును. ఆ ఖాళీలోనికి నెత్తురునాళములు చొచ్చుకొనివచ్చును. వానివెంట వచ్చు నిర్మాణకణములు క్రొత్తయెముకను బోయును. ఇట్లు పొర ముందునకు జరుగుచు, వెనుక నెముకను విడుచుచుఁ బోవును. పొర యున్నంతకాలము బిడ్డ పెరుగును. పొర పూర్తిగా నెముకయై రెండుభాగములు నతికినదినమున నా యెముక పొడవు నిలిచిపోవును. పిమ్మట నే యౌషధమును దానిని సాగింపఁజాలదు. పొడవు పెంచెద మని పత్రికలలోఁ బ్రకటించు మందులపై ధనము వెచ్చించుపెద్దలు దీనిని గమనింతురు గాక.

లావు పెరుగుట వేఱొక విధము. దీని రహస్య మద్దకపువారి యింట భోజనపుబల్లపై బయలుపడినది. మన మచిలీపట్టణపు టద్దకపుబట్టలను జూచి యింగ్లండులోను నద్దకపుశాలలు వెలసెను. అట్టి శాల యజమానునింట లండను శస్త్రవైద్యుఁడు జాన్ బెల్చియరు భోజనము చేయుచుండఁగా, వడ్డింపఁబడిన పందిమాంసములోని యెముక లెఱ్ఱగాఁ గనఁబడెను. మంజిష్ఠరంగు వేసిన బట్టలను శుభ్రపఱచిన తవుడు నా పందులు తినుచుండెనని తెలియవచ్చెను. 1736లో నతఁడీ విషయమును బ్రకటించెను. అప్పటి కప్పుడు పేరుకొనుచున్న యెముకకే యా రంగు పట్టును. పిమ్మట ఫ్రాన్సులో ద్యుహమెల్ అనునతఁ డెదుగుచున్న జంతువు లెముకచుట్టును వెండితీఁగ చుట్టి కొంతకాలమునకుఁ జూడఁగా, పైని గట్టిన తీఁగ యెముకలోపలి మూలుగగొట్టములోఁ గనఁబడెను. తీఁగ కదలలేదు, ఎముక పైవైపునఁ గట్టఁబడుచు లోవైపునఁ గరఁగుచుఁ బోయెను.

ఇట్లు కట్టెడి కణములు, కరఁగించెడి కణములు బాల్యముతో నూరకుండవు. పెరిగినవారి యెముకలలోను సంవత్సరమునకు నించుమించు పదియవవంతు పాతది పోయి క్రొత్తది వచ్చుచుండును. దేహములోని కాల్షియములో నూటికిఁ దొంబదితొమ్మిదిపాళ్ళు, అనఁగాఁ బెద్దలలో నొక కిలోగ్రాము ప్రాంతము, ఎముకలలోను దంతములలోను నిలువయున్నది. గుండె కొట్టుకొనుటకును, కండరములు ముడుచుకొనుటకును నెత్తురులో నీ ధాతువు నిర్ణీతపరిమాణమున నుండితీఱవలెను. తక్కువయైనపుడు కొట్టుగదియగు నెముకనుండి తీయఁబడును. చూలాలును బాలెంతయుఁ దమ బిడ్డ కిచ్చున దీ నిలువనుండియే. పెరిగిన స్త్రీలో నట్లు తగ్గిన యెముక, బిడ్డ పాలు మానిన పిదప సాధారణముగా మరల నిండును. ఎదుగుచున్న బాలిక తల్లియైనచో నామె యెముకకును గర్భములోని బిడ్డ యెముకకును నొకే భోజనము పంచుకొనవలసివచ్చును. మూలుగ నెత్తురునకుఁ బుట్టినిల్లను సంగతి 1868లో ఎర్నెస్టు నాయిమన్ వలనఁ దెలిసినది. అది వేఱొక వ్యాసమునకుఁ దగిన విషయము.

ఇఁక వృద్ధిఫలకము మూసికొనుకాలమును గుఱించి. మూసికొమ్మని యాజ్ఞ యిచ్చునది యీస్ట్రోజెన్ అను గ్రంథిరసము. దీనిని స్త్రీలకే చెందినదిగాఁ దలఁచుచుండిరి. 1994లో వర్ణింపఁబడిన యొక యిరువదియెనిమిదేండ్ల పురుషుని దేహము పుట్టుకనుండియు నీ రసమునకు లోఁబడని దగుటచే నతని వృద్ధిఫలకము లప్పటికిని మూసికొనక, యతని పొడవు 204 సెంటీమీటరులై యింకను బెరుగుచుండెను. పురుషులలోను నెముకను ముదిర్చునది యీ రసమే యని దీనివలన స్పష్టమయ్యెను. బాలికలలో నీ రసము ముందుగాఁ బ్రవర్తించుటచే వారు బాలురకంటె ముందు పెరిగి ముందే నిలిచిపోవుదురు. చేతులయొక్కయుఁ గాళ్ళయొక్కయు వృద్ధిఫలకములలోఁ బెక్కులు బాలికలలోఁ బదునాలుగు మొదలు పదియేడేండ్లలోపలను, బాలురలో రెండేండ్లు తరువాతను మూసికొనును.

ఇక్కడ నొక గొప్ప భ్రాంతిని దొలగింపవలెను. రజోదర్శనమైనది కావున బిడ్డ పెద్దదైన దని మనవారందురు. ఆఁడుబిడ్డ కావడిపీఁటపైఁ గూర్చుండఁబెట్టఁబడునాఁటికి నామె యెముకలపని ముగియలేదు. పొడవే యింకను గొన్ని సెంటీమీటరులు పెరుగవలసియున్నది. కటివలయము సంగతి మఱింత ముఖ్యము. తుంటియెముక యని మన మొకటిగాఁ బేర్కొనునది పుట్టుకలో మూఁడెముకలు. ఈ మూఁడును దొడయెముక తల యిమిడియుండు గుంటయొద్దఁ గలిసికొనును. నడుమ మూఁడుకాళ్ళ తరుణాస్థి గలదు. ఇది యతుకుట పదుమూఁడు మొదలు పదునాఱేండ్ల ప్రాంతమున. తుంటి పైయంచు పూర్తిగా నతుకుట యిరువదియేండ్లు దాఁటిన పిదప. ప్రసవమార్గము రజోదర్శనకాలమునకుఁ బెద్దవారికంటె నిఱుకుగ నుండి, పొడవు పెరుగుట మందగించిన తరువాతనుగూడఁ గొన్నియేండ్లు వెడల్పగుచునే యుండును. గర్భము ధరించుశక్తి ముందు వచ్చును. గర్భమునుండి బిడ్డను వెడలనిచ్చు వాకిలి తరువాతఁ గట్టఁబడును. ఈ రెంటినడుమ నున్న కొలఁదియేండ్లలోనే యెందఱో బాలికల ప్రాణములు పోయినవి. బిడ్డతల యిఱుకైన యెముకలనడుమ దినములతరబడి నిలిచిపోఁగా, తల్లి చనిపోవుటయో, బ్రదికినను మూత్రాశయమునకు రంధ్రము పడి జీవితమంతయు నింటివారిచేతనే వెలివేయఁబడుటయో సంభవించును.

ఈ సంగతిని శాస్త్రజ్ఞుల నడుగవలె నని మన దేశమునఁ దోఁచినవాఁడు బ్రహ్మానంద కేశవచంద్రసేనుఁడు. 1871లో బ్రాహ్మవివాహముల కొక చట్టము కావలసియుండఁగా, బాలికకు యుక్తవయస్సేదని ప్రసిద్ధవైద్యులకుఁ బ్రశ్నలు వ్రాసి పంపెను. ఐరోపీయులును, హిందువులును, మహమ్మదీయులును దమ యభిప్రాయముల నిచ్చిరి. వారు చెప్పిన తక్కువవయస్సు పదునాలుగు. మహేంద్రలాల సర్కారు మొదలగు పెక్కండ్రు పదునాఱనిరి. బొంబాయిలోఁ బ్రార్థనాసమాజమును స్థాపించిన ఆత్మారాంపాండురంగ వైద్యుఁ డిరువదియనెను. రజోదర్శనమొక్కటియే యోగ్యతకుఁ జిహ్నము కాదని వారిలోఁ గొందఱు తెలియఁజేసిరి. 1872వ సంవత్సరపు మూఁడవ యాక్టులో వధువునకుఁ బదునాలుగు, వరునకుఁ బదునెనిమిది యేండ్లు నిర్ణయింపఁబడెను. వైద్యులు చెప్పినదానిలో నది యడుగుమెట్టు. అయినను నప్పటి కదియే గొప్ప.

తరువాత జరిగినదియు దాఁచరాదు. 1878 మార్చిలోఁ గేశవచంద్రుని పెద్దకూఁతురు సునీతిదేవికిఁ గూచవిహార ప్రభువుతో వివాహమయ్యెను. ఆమె కప్పటికిఁ బదునాలుగేండ్లు నిండలేదు. వరునకుఁ బదునెనిమిది నిండలేదు. ఆ సంస్థానమున కా చట్టము వర్తింపదనియు, వివాహమైనను దంపతులు కొంతకాలము వేఱుగ నుందురనియు సమాధానములు చెప్పిరి. మే నెలలో సాధారణ బ్రాహ్మసమాజము వేఱుపడెను. మహనీయుఁడైన యాచార్యుని దూషించుట నా యుద్దేశము కాదు. ఆయన ప్రశ్నలు వ్రాసి పంపకున్నచో మనకా వైద్యుల వాక్యములే యుండెడివి కావు. కాని యింటికి రాజసంబంధము వచ్చినపుడు తాను సంపాదించిన సాక్ష్యమునే మఱచుట యంతటివానికిని దటస్థించినది గదా యని వ్రాయక తప్పదు.

మన తెలుఁగుదేశమునకు వత్తము. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్క నాటకమునకు 1897లో వ్రాసిన పీఠికలో విజయనగరపు మహారాజుగారు విశాఖపట్టణమండలమున మూఁడేండ్లలో జరిగిన శుల్కవివాహములను లెక్కింపఁజేయఁగాఁ దేలిన యంకెలు గలవు. బ్రాహ్మణులలో 1,034 వివాహములు. వానిలో నైదేండ్ల వధువులు 99, నాలుగేండ్లవారు 44, మూఁడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఒక్కయేఁటివారు ముగ్గురు. ఈ యంకెలను జదివి మనము సిగ్గుపడి యూరకుందుము. ఎముకతో సరిచూచినచో మఱియొక సంగతి తెలియును. మణికట్టునఁ జిన్నయెముక లెనిమిది. పుట్టిన బిడ్డలో నొక్కటియు నెముకగా మాఱియుండదు; ఏఁడు నిండునప్పటికి సాధారణముగా రెండే మాఱును. నెత్తిపై మాడు పదునెనిమిదిమాసముల ప్రాంతమునఁ గాని పూడదు. జీలకఱ్ఱయు బెల్లమును నెక్కడఁ బెట్టుదురో చదువరు లెఱుఁగుదురు. ఆ ముగ్గురు శిశువుల నెత్తిపై నా ముద్దక్రింద నింకను నెముక లేదు.

వయస్సునకుఁ దోడు వెలుతురునుగూడఁ గొంత చెప్పవలసియున్నది. ఎంత కాల్షియము తిన్నను విటమిను డి లేనిదే యది యెముకఁ జేరదు. ఆ విటమిను ముఖ్యముగా నెండ తగిలిన చర్మములోఁ బుట్టును. కాశ్మీరమున వైద్యురాలుగాఁ బనిచేసిన కాత్లీన్ వాన్ 1928లోఁ బ్రకటించిన గ్రంథమున, ఘోషాలో నుంచఁబడిన స్త్రీల యెముకలు మెత్తఁబడి, దేహభారమునకే కటివలయము నలిఁగి, ప్రసవమార్గము మూసికొనిపోవుటను వర్ణించెను. ఎండలోఁ గష్టించు పేదస్త్రీల కీ యాపద యరుదు. మన జిల్లాలలో ఘోషాను గొప్పతనమునకు గుఱుతుగాఁ జూచుకొనిన కుటుంబములు లేకపోలేదు. భోజనవిషయమున మనకు దూరపుమందులు వెదకనక్కఱలేదు: నూఱుగ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. కొడుకునకుఁ బాలును గూఁతునకు మజ్జిగతేటయుఁ బోయు నిండ్లు మాత్రము తమ లెక్క తామే చూచుకొనవలెను. ఎముకలో నిలువ చేరుకాల మిరువదియేండ్లకుఁ బెద్దభాగము గడచిపోవును.

చట్టము మెల్లమెల్లగా నెముక వెనుక నడచినది. 1929లో హరవిలాస శారదాగారి చట్టము బాలికకుఁ బదునాలుగేండ్లు విధించి 1930 ఏప్రిలునుండి యమలులోనికి వచ్చెను. 1949లోఁ బదునైదు, 1978లోఁ బదునెనిమిది యయ్యెను. 2006వ సంవత్సరపు చట్టమును దానినే నిలిపినది. అయినను 2019-21 జాతీయకుటుంబారోగ్యసర్వేలో, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలోఁ బదునెనిమిది నిండకమునుపే వివాహమైనవారు దేశమంతటను నూటికి 23.3, తెలంగాణమున 23.5, ఆంధ్రప్రదేశమున 29.3. అక్షరాస్యతను గుఱించి సభలు చేయు మన పట్టణములకుఁ గూఁతవేటు దూరముననే యివి జరిగినవి.

పూర్వము పిల్ల వయస్సును జాతకముతో సరిపెట్టెడివారు. జాతకము నెన్నిమాఱులైనను దిరిగి వ్రాయింపవచ్చును. ఇప్పుడు వయస్సు వివాదమునకు వచ్చి, పాఠశాలపత్రముగాని జననపత్రముగాని లేనపుడు, న్యాయస్థానము బాలికను వైద్యునియొద్దకుఁ బంపును. అతఁడు మణికట్టునకును, మోచేతికిని, తుంటికిని ఎక్సురే ఛాయాచిత్రములు తీయించును. ఆ లెక్క నిర్దుష్టము కాదు. ఒకటిరెండేండ్ల యెచ్చుతగ్గు లుండవచ్చును. భోజనము చాలనిబిడ్డ యెముక యాలస్యముగ ముదురును. కాని ముంజేతియెముక కొనయొద్ద సన్నని నల్లగీఁత యొకటి స్పష్టముగఁ గనఁబడినచో, ఆ చోటఁ దరుణాస్థిపొర యింకను మూసికొనలేదు. ఆ బిడ్డ యింకను బెరుగుచున్నది.